పంపినవాడు లేని వైరస్

2007వ సంవత్సరం. దసరా వెళ్ళి దీపావళి ఇంకా రాని రోజులు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వెనక సందులో నాకు కంప్యూటర్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. డిప్లొమా చదివి, హైదరాబాదులో కొంతకాలం పనిచేసి, పెళ్ళయ్యాక ఊరికి తిరిగొచ్చి పెట్టుకున్న అంగడి అది. "ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే కంప్యూటర్‌కు సిగ్గేయదా?" అని ఎగతాళి చేసిన పక్కంగడి ఆయనే, తన బిల్లుల మిషన్ మొరాయించినప్పుడల్లా ముందు నా గడప తొక్కేవాడు.

ఆ రోజుల్లో మా వృత్తికి అన్నం పెట్టినవి పెన్ డ్రైవులు. అంతకుముందు వైరస్ అంటే ఇంటర్నెట్ ఉన్నవాళ్ళకు వచ్చే జబ్బు. పల్లెల్లో ఇంటర్నెట్ ఎక్కడిది? బొటనవేలంత పెన్ డ్రైవు వచ్చాక ఆ తేడా పోయింది. ఫ్లెక్సీలు కొట్టే చోట, ఫోటో స్టూడియోలో, పాటలు ఎక్కించే అంగట్లో అదే పెన్ డ్రైవు తిరుగుతూ ప్రతిచోటా కొంత అంటించుకొని, కొంత అంటించి వచ్చేది. దాంట్లో ఆటోరన్ అనే చిన్న ఫైలు ఒకటి ఉండేది. పెన్ డ్రైవు గుచ్చగానే మనం అడక్కుండానే ఫలానా పని మొదలుపెట్టమని కంప్యూటర్‌కు చెప్పేది అదే. వైరస్‌లు రాసేవాళ్ళు ఆ ఫైలును పట్టుకున్నారు.

నా దగ్గరికి రెండు పార్టీల వాళ్ళూ వచ్చేవాళ్ళు. పార్టీలంటే జెండాల పార్టీలే కాదు. మా వైపు ఊళ్ళలో జెండా మారినా పగ మారని ఇళ్ళు కొన్ని ఉండేవి. మా నాయన జీపు మెకానిక్. ఆ ఇళ్ళ జీపులన్నీ ఆయన చేతికిందికి వచ్చినవే. ఎవరి జీపు వచ్చి వెళ్ళిందో, దేనికి ఏ రిపేరు చేశాడో ఇంట్లో మా అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. "ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి మోసినోడు ఏ ఇంటికీ పనికిరాడు మ్మే" అనేవాడు. నేనూ ఆ దారే పట్టాను. అందుకే ఇప్పుడు చెప్పబోయే ఊరి పేరు, ఆ ఇంటి పెద్ద పేరు రాయను. ముద్దనూరు దాటి పులివెందుల వైపు పోయే దారిలో ఉన్న ఊరని మాత్రం చెప్పగలను. ఆయన్ను ఊరంతా పెద్దాయన అనేది. నేనూ అట్లాగే పిలిచేదాన్ని.

ఒక శనివారం పొద్దున అంగడి తీస్తుండగా తెల్ల జీపు వచ్చి ఆగింది. దిగినవాడు నాగన్న. పెద్దాయనకు కుడిభుజం లాంటి మనిషి, వరసకు మేనల్లుడు.

"పాపా, బిన్నా రావల్ల, ఆలస్యం చేయొద్దు. పెద్దాయన పిలుచుకొని రమ్మన్న్యాడు" అన్నాడు.

"ఏమైందన్నా?"

"కంప్యూటర్లో వైరస్ పెట్టినారు."

"పెట్టినారు" అన్న మాట నాకు అక్కడే గుచ్చుకుంది. వైరస్ వచ్చింది అంటారు, పట్టింది అంటారు. పెట్టినారు అంటే ఎవరో ఒకరిని ఇప్పటికే అనుకున్నారన్నమాట.

దారిలో నాగన్న సంగతి చెప్పాడు. ఎండాకాలంలో పెద్దాయన తోటలో కాపు మీదున్న చీనీ చెట్లను, అంటే బత్తాయి చెట్లను, రాత్రికి రాత్రి ఎవరో మొదలంటా నరికిపోయారు. ఎవరన్నది ఈ ఇంటివాళ్ళకు అనుమానం కూడా కాదు, నమ్మకం. అవతలి ఊళ్ళో ఉన్న పాత పగవాళ్ళే. వెంటనే డిజిటల్ కెమెరాతో ఫోటోలు తీయించి కంప్యూటర్లో పెట్టుకున్నారు. సోమవారం పులివెందుల కోర్టులో వాయిదా. వకీలు ఆ ఫోటోల సీడీ అడిగాడు. నిన్న కంప్యూటర్ తెరిస్తే ఫోల్డర్ ఉంది, లోపల ఫోటోలు లేవు. ఫోల్డర్‌ను నొక్కితే ఇంకో ఫోల్డర్, దాన్ని నొక్కితే మళ్ళీ అదే. కెమెరా కార్డు మీద అప్పటికే పెళ్ళి ఫోటోలు తీసేసుకున్నారు.

"ఆ ఫోటోలు పోతే ఎవురికి లాభమో చెప్పు?" అన్నాడు నాగన్న స్టీరింగ్ మీద చెయ్యి చరుస్తూ. "వాళ్ళకే గదా? ఇంగ ఈడ వాళ్ళ మనిషెవురో గూడా దొరికినాడులే."

"ఎవరన్నా?"

"దేవదాసు."

దేవదాసు మాస్టరు జమ్మలమడుగులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. మా వైపు గుమాస్తాల్లో సగంమంది ఆయన దగ్గర వేళ్ళు ఆడించి నేర్చుకున్నవాళ్ళే. మిషన్ల కాలం అయిపోయాక నలభై దాటిన వయసులో కంప్యూటర్ నేర్చుకొని, ఈ ఇంట్లో ఆపరేటరుగా కుదిరాడు. ఊరివాళ్ళ అర్జీలు, కోర్టు కాయితాలు, ఫోటోలు అన్నీ ఆయన చేతిమీదే. వారమంతా అక్కడే ఉండి, ఆదివారం చర్చికి జమ్మలమడుగు పోయి వచ్చేవాడు. ఏ కామాకు ఎక్కడ ఖాళీ వదలాలో పట్టింపుగా చూసే మనిషి, ఎవరి మీదా గొంతెత్తి ఎరుగడు.

"పోయిన ఆదివారం చర్చిలో అవతలోళ్ళ గుమాస్తా పక్కన కూచున్న్యాడంట. పెన్ డ్రైవు గూడా తీసుకున్న్యాడంట. మనోళ్ళు చూసినారు" అన్నాడు నాగన్న.

ఆ ఇంటికి అంతకుముందు ఒకసారి పోయాను. మనిషి ఎత్తుకు రెండింతల గోడ, ఒకదాని తర్వాత ఒకటి మూడు గేట్లు. ఇంటి ఆడమనిషి ఒకామె వచ్చి నా సంచి వెతికింది. స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. సీడీలను ఎండకేసి పట్టి చూసింది. నా మెడలో దారానికి వేలాడుతున్న పెన్ డ్రైవును మాత్రం "బాగుంది మ్మే, యాడ కొన్న్యావు?" అని అడిగి వదిలేసింది.

లోపల నాపరాళ్ళ వసారాలో పెద్దాయన కుర్చీలో కాళ్ళు చాపుకొని ఉన్నాడు. మోకాళ్ళకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. చుట్టూ అరుగుల మీద ఊరివాళ్ళు. ఒక మూల, కంప్యూటర్ బల్లకు దూరంగా, ప్లాస్టిక్ కుర్చీలో దేవదాసు మాస్టరు కూర్చొని ఉన్నాడు. చొక్కా చెయ్యి దగ్గర చినిగి ఉంది. నన్ను చూసి లేవబోయి, పక్కనున్నవాడు భుజం మీద చెయ్యి వేయడంతో మళ్ళీ కూర్చున్నాడు. ఆయన సెల్‌ఫోను నాగన్న జేబులో ఉందని తర్వాత తెలిసింది.

అరుగుల మీద చర్చంతా కంప్యూటర్ల గురించే. ఒకాయన పేపరు మడిచి పట్టుకొని చెప్తున్నాడు.

"అమెరికాలో కూచోని ఈడ మన కంప్యూటర్లో ఏముందో చూచ్చారంటప్పా. హ్యాకర్లంట. పేపర్లో ఏసినారు."

"ఈడ కరెంటే ఉండదు, వాళ్ళేం చూచ్చారు? చీకటి చూడల్ల" అన్నాడు ఇంకొకాయన.

"యాంటీ వైరస్ ఏపించినాం గదా పోయినేడు?"

"దాని గడువు అయిపాయెనంట. రోజూ మూలన కూచోని అదే చెప్తాంది, గడువు అయింది గడువు అయింది అని. కావలోడు నిద్రపోతా 'దొంగలు వచ్చాండారు' అని కలవరించినట్ల."

నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. నా వైపు చూసి, "పాపా, నాకు రెండు సంగతులు కావల్ల. ఫోటోలు ఉండాయా పోయినాయా, అదొకటి. పెట్టింది ఎవురు, ఇదొకటి" అన్నాడు.

"మొదటిది ముందు చూస్తాను పెద్దాయనా" అన్నాను.

కంప్యూటర్లో విండోస్ అప్పటికే తెరిచి ఉంది, చూడగానే జబ్బేమిటో అర్థమైంది. ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ప్రోగ్రాం అది. అసలు ఫోల్డర్‌ను హిడెన్ చేస్తుంది, అంటే కంటికి కనబడకుండా దాస్తుంది. దాని చోట తాను అదే పేరుతో, అదే బొమ్మతో కూర్చుంటుంది. మనం ఫోల్డర్ అనుకొని నొక్కిన ప్రతిసారీ ఇంకో నాలుగు చోట్లకు పాకుతుంది. ఆ నెలలో అదే జబ్బును నేను చాలా కంప్యూటర్లలో చూశాను. అందులో ఒకటి, పది రోజుల కిందట, వీళ్ళు పగవాళ్ళు అంటున్న ఆ అవతలి ఇంట్లోది.

ఆ సంగతి ఒక్క మాటగా బయట పెడితే చాలు. వాళ్ళ కంప్యూటర్‌కూ ఇదే పట్టింది, వాళ్ళూ తలలు బాదుకుంటున్నారు, వాళ్ళు పంపింది కాదు అని చెప్పేయొచ్చు. దేవదాసు మాస్టరు లేచి ఇంటికి పోతాడు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మాట వెనకే "వాళ్ళ కంప్యూటర్లో ఇంకా ఏముండాయి?" అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు చెప్పినా ప్రమాదమే, చెప్పకపోయినా ప్రమాదమే. ఇక్కడ ఒకరిని కాపాడబోయి అక్కడ ఎవరి మీదికి ఏం తెస్తానో నాకు తెలియదు. నోరు మూసుకొని సంచిలోంచి లినక్స్ లైవ్ సీడీ తీశాను.

లైవ్ సీడీ అంటే కంప్యూటర్ లోపలి డిస్కును నిద్ర లేపకుండా, సీడీ మీద నుంచే మిషన్‌ను నడిపించే ఏర్పాటు. విండోస్ కోసం రాసిన వైరస్ అక్కడ లేవలేదు. తెర మీద కొత్త రంగులు రాగానే అరుగుల మీద వాళ్ళంతా లేచి దగ్గరికి వచ్చారు.

"ఇదేంది, వేరే కంప్యూటర్ అయిపాయ? ఏ కంపెనీది పాపా?" అన్నాడు పేపరాయన.

"ఒక కంపెనీది కాదు మామా. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి అందరికీ వదిలిపెట్టినారు. ఉత్తగానే ఇస్తారు. లోపల ఏం రాసిందీ ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటారు."

"ఓపెనా?" నాగన్న కళ్ళు పెద్దవి చేశాడు. "ఈడ మేము మూడు గేట్లు పెట్టుకొని బతుకుతాంటే నువ్వు వాకిలి తెరిచిండేదాన్ని తెచ్చినావే!"

"తాళం ఎట్లా చేసినారో అందరికీ తెలుసన్నా. తాళంచెవి మాత్రం మీ దగ్గరే ఉంటుంది. మా ఊళ్ళో బంగారం నలుగురి ముందర గీటురాయి మీద గీస్తేనే గదా నమ్ముతారు, మూసిన పిడికిలి చూపిస్తే కొంటారా?"

"అదంతా సరే. ఎవురిదీ కాదంటాండావు. ఎవురిదీ కాని భూమి ముందు కంచె నాటినోడిది అయితాది గదా?" అన్నాడు ఒక ముసలాయన. ఆయన అడిగింది హాస్యానికి కాదు, నిజంగానే.

"అందుకే షరతు మీద ఇచ్చినారు తాతా. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. కంచె మాత్రం వేయకూడదు."

పెద్దాయన కుర్చీలోంచి అన్నాడు: "ఆ షరతు మన మండలంలో పెట్టింటే నాకు ఇన్ని కేసులు ఉండేటివి కాదు."

ఈసారి అందరూ గట్టిగానే నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే నేను డిస్కు తెరిచాను. లినక్స్‌కు విండోస్ దాపరికాలతో పని లేదు. దాచినవీ, దాచనివీ ఒకే వరసలో చూపించింది. నకిలీ ఫోల్డర్ పక్కనే అసలుది ఉంది. నొక్కాను. నరికిన చీనీ చెట్లు ఒకటి తర్వాత ఒకటి తెర నిండా వచ్చాయి. మొదళ్ళు తెల్లగా, పచ్చికాయలు నేలమీద పరుచుకొని. పెద్దాయన మోకాళ్ళు పట్టుకొని లేచి వచ్చాడు. తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

"ఇది మా నాయన నాటిన సాలు" అన్నాడు. ఎవరితోనూ కాదు.

సంచిలోని ఇంకో సీడీ రైటరును తగిలించి ఫోటోలన్నీ కొత్త సీడీకి ఎక్కించి ఆయన చేతికిచ్చాను. నా పని అక్కడికి అయిపోవాలి. కానీ రెండో ప్రశ్న మిగిలే ఉంది. దాన్ని నాగన్న ఎత్తుకున్నాడు.

"ఇంగ వీని పెన్ డ్రైవు పెట్టి చూడు పాపా" అంటూ దేవదాసు మాస్టరు పెన్ డ్రైవు నా ముందర పెట్టాడు.

గుచ్చాను. పిల్లల పాటలు అని ఒక ఫోల్డర్, క్రిస్మస్‌కు సండే స్కూలు పిల్లలకు నేర్పడానికి తెచ్చుకున్నవి. దాని పక్కనే ఆటోరన్ ఫైలు. దాని పక్కనే ఆ నకిలీ ఫోల్డర్.

"చూసినారా!" అని అరిచాడు నాగన్న. "నేను చెప్పలా!"

మాస్టరు ముఖంలో నెత్తురు లేదు. "నాకు తెలీదయ్యా. పాటలే ఎక్కించుకున్న్యా. దేవుని తోడు నాకు తెలీదు" అన్నాడు. భుజం మీద చెయ్యి వేసినవాడు ఇప్పుడు గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక్క పెన్ డ్రైవు చూసి చెప్పేది కాదు పెద్దాయనా. ఈ ఇంట్లో ఉన్నవన్నీ తెప్పించండి. ఈ కంప్యూటర్‌కు ఎప్పుడైనా గుచ్చినవన్నీ" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు నాగన్న.

"జ్వరం ఒక్కరికే వచ్చిందా, ఇంటిల్లిపాదికీ వచ్చిందా చూడొద్దా?"

పెద్దాయన చెయ్యి ఊపాడు. జేబుల్లోంచి, అల్మారాల్లోంచి, కోడలి గాజుల పెట్టెలోంచి పెన్ డ్రైవులు వచ్చాయి. ఇంట్లో ఇన్ని ఉన్నాయని వాళ్ళకే తెలియదు. ఒక్కొక్కటే గుచ్చాను. కోడలి పెళ్ళి ఫోటోల దాంట్లో ఉంది. ఫ్లెక్సీల దాంట్లో ఉంది. చివర నాగన్న తన మెడలోది తీసి ఇచ్చాడు. జీపులో వినడానికి ప్రొద్దుటూరులో ఎక్కించుకున్న పాటలు. దాంట్లోనూ ఉంది. ఆ ఆటోరన్ ఫైలు పక్కన తారీఖు దసరాకు ముందుది. మాస్టరు పెన్ డ్రైవులోది మొన్నటి ఆదివారం తర్వాతిది.

అందరూ తెర మీద తారీఖులు చదువుకుంటున్నారు. నేను చెప్పక ముందే పేపరాయనకు అర్థమైంది. "అంటే... నాగన్నదే ముందుదా?" అన్నాడు.

అందరి కళ్ళూ అటు తిరిగాయి. ఇంతసేపూ మాస్టరు వైపు ఉన్న చూపు ఎంత సులువుగా ఇంకొకరి మీదికి మళ్ళిందో చూసి నాకు మొదటిసారి భయమేసింది.

"నాగన్న పెట్టలేదు, మాస్టరు పెట్టలేదు. దీన్ని ఎవరూ పంపలేదు" అన్నాను గబగబా. "పెద్దాయనా, మీ మోకాళ్ళకు ఏమైంది?"

"పోయినేడు చికున్‌గున్యా వచ్చింది గదమ్మా. యాడ పోయింది, ఇంగా పీడిచ్చాంది."

"ఎవరు పంపినారు దాన్ని?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. ఆ ఏడాది మా జిల్లాలో ఏ గడపా దాన్ని తప్పించుకోలేదు. ఈ పార్టీ వాళ్ళూ, ఆ పార్టీ వాళ్ళూ ఒకే ఆసుపత్రి వరండాలో కుంటుకుంటూ నిలబడ్డారు.

"ఇదీ అంతే పెద్దాయనా. యాడో పేరు తెలియనోడు రాసి వదిలినాడు. వానికి మీరెవరో తెలీదు, చీనీ చెట్లు తెలీదు, కోర్టు వాయిదా తెలీదు. పెన్ డ్రైవు యాడికి పోతే ఆడికి పోతాది."

నాగన్న ఊరుకోలేదు. తన మీదికి వచ్చిన చూపును తోసేయాలి గదా. "నువ్వు వాళ్ళింటికి గూడా పోతావంట గదా? వాళ్ళ కంప్యూటర్లో ఏముండాదో చెప్పు, తేలిపోతాది" అన్నాడు.

మాస్టరు నా వైపే చూస్తున్నాడు. ఆ చూపును తట్టుకోవడం కష్టమైంది.

"పోతాను" అన్నాను. "పిలిస్తే పోతాను. ఈరోజు మీ కంప్యూటర్లో ఏం చూసినానో రేపు వాళ్ళు అడిగితే చెప్పమంటారా?"

పెద్దాయన చేతిలోని సీడీని అటూ ఇటూ తిప్పి, "చెప్పొద్దు" అన్నాడు. ఆ తర్వాత నాగన్న వైపు తిరిగి, "ఆ సారు ఫోను ఆయనకియ్యి రా" అన్నాడు.

అంతే. క్షమాపణ అనే మాట ఆ వసారాలో ఎవరూ అనలేదు. భుజం మీది చెయ్యి తీసేశారు. లోపలి నుంచి ఉగ్గాని, బజ్జీలు వచ్చాయి, మాస్టరుకే ముందు పెట్టారు. ఆయన ప్లేటు ఒళ్ళో పెట్టుకొని తినకుండా కూర్చున్నాడు.

కంప్యూటర్ శుభ్రం చేసి మళ్ళీ విండోస్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. "ఏం పెట్టుకున్నారు?" అంటే నలుగురైదుగురు ఒకేసారి చెప్పారు. జీపు నంబరు.

"ఆ నంబరు రోడ్డు మీద పోయే ప్రతి మనిషికీ కనపడుతుంది గదా పెద్దాయనా. కొత్తది పెట్టండి. ఎవరికీ చెప్పొద్దు, మీ మనసులోనే అనుకోండి" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకొని ఆలోచించి, తెరిచి, గట్టిగా అందరికీ వినపడేటట్టు తన ముసలి ఎద్దు పేరు చెప్పాడు. ఊరంతా పగలబడి నవ్వింది. ఈసారి ఆయనా నవ్వాడు. మాస్టరు మాత్రం చొక్కా చెయ్యి చినిగిన చోట మడత పెట్టుకుంటూ ఉండిపోయాడు.

తిరుగు ప్రయాణంలోనూ జీపు నాగన్నదే. ముద్దనూరులో టీ తాగడానికి ఆపి, గ్లాసు పట్టుకొని అన్నాడు.

"పొద్దున నేనే ఆయన చెయ్యి పట్టి గుంజినా. చొక్కా చినిగింది."

నేను నా గ్లాసు బల్ల మీద పెట్టాను.

"మా చెల్లెలికి టైపు నేర్పింది ఆయనే. ఉద్యోగం గూడా వచ్చింది దానికి." ఇంకో గుటక తాగాడు. "నువ్వు చెప్పు పాపా ఆయనకు. తప్పయిందన్నాడని. నాకు నోరు రాదు."

"నేను ఒకరి మాట ఇంకొకరికి మోయనన్నా. ఇందాకే చూసినావు గదా" అన్నాను. "నువ్వే చెప్పుకో."

సోమవారం ఫోటోలు కోర్టుకు చేరాయి. ఆ కేసు ఏళ్ళ తరబడి నడిచి, చివరికి రెండు వైపులా పెద్దమనుషులు కూర్చొని రాజీ చేసుకున్నారని విన్నాను. దేవదాసు మాస్టరు ఆ నెలాఖరుదాకా ఉండి, కొత్త ఆపరేటరుకు పనంతా అప్పగించి, ఉద్యోగం మానుకున్నాడు. జమ్మలమడుగులో చర్చి పక్క గదిలో పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. వాటిలో లినక్స్ ఎక్కించడానికి నన్నే పిలిచాడు. నాగన్న వచ్చాడా అని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. ఒక ఆదివారం ఆరాధన అయి అందరూ బయటికి వస్తుంటే నాగన్న గేటు బయట నిలబడి ఉన్నాడట. దగ్గరికి పోతే మెడలోంచి పెన్ డ్రైవు తీసి, "సారూ, దీన్ని కొంచెం శుభ్రం చేసి పెట్టు" అన్నాడట. మాస్టరు చేసి ఇచ్చాడు.

ఆ రోజే, మిషన్లు వరసగా పెట్టి వైర్లు కలుపుతూ, మాస్టరు నన్ను ఒక మాట అడిగాడు.

"అమ్మా, ఆ పొద్దు నీవల్ల బయటపడినా. కాదనను. కానీ ఆలోచన చేస్తాండా. నా పెన్ డ్రైవులో తారీఖు ముందుది అయింటే?"

నేను కలుపుతున్న వైరు కింద పెట్టాను.

"అప్పుడు గూడా నాకేం తెలిసుండేది కాదు గదమ్మా. నేను అంతే అమాయకుడిని. పాటలే ఎక్కించుకునింటా. కానీ అప్పుడు నన్ను ఎవురు నమ్ముతారు?"

తారీఖు ఆయన్ను కాపాడింది కానీ, ఆయన నిర్దోషి అయింది తారీఖు వల్ల కాదు. అది అటూ ఇటూ అయి ఉంటే, అదే తెర మీద, అదే లైవ్ సీడీతో, నా చేతులతోనే ఆయన్ను పట్టించి ఉండేదాన్ని. మిషన్ అబద్ధం చెప్పదని మా వృత్తిలో గొప్పగా చెప్పుకుంటాం. నిజమే. ఏ ఫైలు ఎప్పుడు వచ్చిందో అది చెప్తుంది. మనిషి మనసులో ఏముందో చెప్పదు. చుట్టూ నిలబడ్డవాళ్ళు ఆ రెండో సంగతి కోసమే దాని ముఖం చూస్తుంటారు.

అప్పటి నుంచి నేను పనిచేసే పద్ధతి మార్చుకున్నాను. నలుగురు గుమిగూడి ఉన్నచోట తారీఖులు తెరవను. ఎవరు చేశారని అడిగేవాళ్ళు ఇప్పటికీ వస్తారు. ఇంట్లో ఫోన్లు పోగొట్టుకున్నవాళ్ళు, ఖాతాలు ఎవరో తెరిచారనేవాళ్ళు, అంగట్లో గుమాస్తాను అనుమానించేవాళ్ళు. వాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఏమేం పోయాయో ముందు చెప్పమంటాను. పోయినవి వెతికి చేతిలో పెడతాను. అవి దొరికాక, ఎవరు చేశారని రెండోసారి అడిగినవాళ్ళు నా ఇన్నేళ్ళ అంగట్లో చాలా తక్కువ.